మందు పడని ప్లేటు

ల్యాబ్‌లో చేరిన మొదటి రోజే నేను చీవాట్లు తిన్నాను.

"కణాల మీద ముందు వైరస్ వెయ్యాలి, గంటాగి మందు. అంత తొందరేంటి, రైలేమైనా ఎక్కాలా?" అంది సీనియర్.

అప్పటినుంచి నా పేరు తొందర మాస్టర్. ఆమె తిట్టినా బాగుంటుందని తెలిసిందీ ఆ రోజే.

మా మందు వైరస్‌ను పెరగనివ్వదు. మనుషులకిచ్చే దశ ఇంకా రాలేదు. మందు పడిన ప్లేటులో కణాల పొర నిండుగా ఉంటుంది. పడనిదాంట్లో వైరస్ చిల్లులు పెడుతుంది. ఆ చిల్లులు లెక్కపెట్టడమే మా ఉద్యోగం.

ఏడాది గడిచాక ఒక సోమవారం వైరస్ ఉన్న సూది ఆమె వేలికి గుచ్చుకుంది. వైరస్ సోకిందో లేదో తేలేదాకా ఆమెను అద్దాల గదిలో విడిగా ఉంచారు. ఆమె రక్తాన్ని ప్లేటులో వేసి పరీక్షించే పని నా మీద పడింది. తొందరగా చేసేశాను. మూడు రోజులు అన్నం సహించలేదు.

గురువారం చూస్తే ఒక్క చిల్లు లేదు. పరుగున వెళ్లి అద్దం ఇవతల ఫోనెత్తాను.

"క్లీన్, మేడం!"

"నిజంగా? ఉండు, అమ్మకి చెప్పాలి!" ఆమె ఏడ్చేసింది.

తిరిగొచ్చి వివరాలు రాస్తుంటే మందు ట్యూబు కనిపించింది. ఉండాల్సినదానికన్నా తక్కువుంది. అప్పుడు గుర్తొచ్చింది. అలవాటు కొద్దీ ఆమె ప్లేటులోనూ మందు వేసేశాను! ఇక చిల్లులెలా కనిపిస్తాయి? నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ సాయంత్రానికి ఆమె ఇంటికెళ్లిపోతుంది, ఒంట్లో వైరస్ ఉన్నా సరే. మళ్లీ ఫోనెత్తి, జరిగింది చెప్పాను.

ఆమె ముఖం పాలిపోయింది. "చెప్పకపోతే నాకు తెలిసేదే కాదుగా?"

"మీకేమైనా అయితే నేను తట్టుకోలేను. మీరంటే నాకు ప్రాణం. ఇదీ తొందరే, తెలుసు."

ఆమె చొక్కా చెయ్యి పైకి మడిచింది. "మళ్లీ రక్తం తీయించు. నీ మాటకి జవాబు కూడా ఆ ప్లేటు చూశాకే."

ఆదివారం ప్లేటు తీశాం. నాకు చూసే ధైర్యం లేక కళ్లు మూసుకున్నాను. మా ల్యాబ్ పెద్దాయనే లెక్కపెట్టారు. కళ్లు తెరిచి చూస్తే, పోల్చడానికని పక్కన ఉత్త వైరస్ వేసిన ప్లేటు జల్లెడలా ఉంది. ఆమెది నిండుగా ఉంది.

"ఎన్ని?" అంది ఆమె అద్దం వెనక నుంచి ఫోన్లో.

"సున్నా."

"మందు?"

"చుక్క కూడా వెయ్యలేదు. ట్యూబును పెద్దాయన తన దగ్గరే దాచారు."

ఆమె కళ్లు తుడుచుకుని, రెండో చేతిలోని మొబైల్‌ను చెవికి ఆనించుకుంది.

"అమ్మా, లైన్లోనే ఉన్నావా? నాకేం కాలేదు. ఏడాదిగా చెప్తున్నానే తొందర మాస్టర్ అని, ఆయన నిన్నేదో అడగాలట. ఈ ఒక్కదానికే తొందరపడటం లేదు!"