ఉమేష్ ముక్కులో బాక్టీరియా

లలితమ్మకు తుంటి ఆపరేషన్ అయి ఆరు రోజులైంది. గాయానికి చీము పట్టింది. వనపర్తి దవాఖాన ల్యాబ్ నుంచి టెక్నీషియన్ హెప్సిబా నమూనా తీసుకోవడానికి వచ్చేసరికి, లలితమ్మ కొడుకు ఉమేష్ కట్టు మీదికి వంగి ఉన్నాడు. గాజుగుడ్డ అంచున ఒక పోగు ఊడి వేలాడుతోంది. అతను వేళ్లు నాలుకతో తడుపుకుని, ఆ పోగుకు పురి తిప్పి లోపలికి దోపాడు.

“ఏం చేస్తున్నరు?”

“పోగు ఊడింది మేడం. చక్కబెట్టిన.”

“ఎంగిలి చేత్తోనా?”

“మాది గద్వాల. మగ్గం మీద రోజూ గిట్లనే చేస్తం.”

“గిది చీర గాదు, పుండు.”

ఆమె గాయం నుంచి నమూనా తీసింది. ఇంకో దూదిపుల్ల తీసి ఉమేష్ ముక్కు దగ్గర పెట్టింది.

“తల పైకెత్తుండ్రి.”

“నా ముక్కెందుకు? ఆపరేషన్ మా అమ్మకు గద!”

పాత పద్ధతిలో రెండు మూడు రోజులు పట్టే జవాబును కొత్త మిషన్ గంటంబావులో ఇచ్చింది. తల్లి గాయంలో, కొడుకు ముక్కులో ఒకే రకం బాక్టీరియా. మామూలు మందులకు లొంగనిది. డాక్టర్ ఆ సాయంత్రమే లలితమ్మ మందు మార్చాడు. ఉమేష్‌కు ముక్కులో రాసుకునే ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. ఎనిమిదో రోజు మళ్లీ టెస్టు. అందులో ఏమీ లేదని తేలేదాకా తల్లి దగ్గరికి పోకూడదు.

“నాకు జరం లేదు, దగ్గు లేదు. ఊకెనే ఉంటదా?”

“ఉంటది. మిమ్ములను ఏం చేయదు. మీ అమ్మను చేస్తది.”

“అంటే నేనే అంటించిన్నా?”

“మీ నుంచి ఆమెకొచ్చిందో, ఈడ్నించి ఇద్దరికొచ్చిందో మిషన్ చెప్పదు.”

అది ఓదార్పో, తిట్టో ఉమేష్‌కు తెలియలేదు.

ఆ రోజు నుంచి అతను గేటు పక్క రేకుల షెడ్డులో కూర్చున్నాడు. హెప్సిబా నాలుగు గంటలకు వచ్చి కబురు చెప్పి పోయేది. మూడో రోజు, జరం దిగిందని చెప్పింది. నాలుగో రోజు, లలితమ్మ జొన్నరొట్టె అడిగిందని చెప్పి, “మీరు తిన్నరా?” అంది.

“గిది గూడ టెస్టుల ఉన్నదా మేడం?”

ఆమె వార్డు వైపు వెళ్లిపోయింది. ఐదో రోజు రాలేదు. ఆరో రోజు వచ్చింది.

“నిన్న రాలే?”

“ఆదివారం గద. మా ఊరు ఉప్పునుంతలల చర్చికి పోయిన.”

“చెప్పి పోవచ్చు గద.”

“మీకెందుకు చెప్పాలె?”



ఏడో రోజు వార్డు ఆయా యాదమ్మ అటుగా పోతూ ఆగింది. “కబురు చెప్పుడు నా పని నాయనా. ఆ పిల్ల గుంజుకున్నది. ల్యాబోళ్లు గేటు దాక వచ్చుడు నేనెన్నడూ చూడలే.”

ఎనిమిదో రోజు పొద్దున మళ్లీ నమూనా తీసుకున్న హెప్సిబా, నాలుగు గంటలకు కాగితం పట్టుకుని వచ్చింది.

“ఏం లేదు. లోపలికి పోవచ్చు.”

ఉమేష్ లేవలేదు.

“ఇన్ని దినాలు అమ్మ అమ్మ అని పరేషాన్ అయి, ఇప్పుడు కూసున్నరేంది?”

“పోత. గాని నేను లోపలికి పోతే మీరు గేటు కాడికి రారు గద.”

హెప్సిబా కాగితం చూసింది. అందులో చదవడానికి ఇంకేమీ లేదు.

“మీ అమ్మ నిన్న అడిగింది. రోజూ గేటు కాడ నీకేం పని బిడ్డా అని.”

“మీరేమన్నరు?”

“మీ కొడుకును చూడనీకి పోతున్న అని చెప్పిన.”

“అమ్మ?”

“ముందు వాని ముక్కు బాగుచేయి, తర్వాత ముగ్గురం కూసొని మాట్లాడుదం అన్నది.”

ఉమేష్ లేచాడు. “మరి నడువుండ్రి, మాట్లాడుదం.”

“ముందు చేతులు కడుక్కోండ్రి,” అంది హెప్సిబా.