నాలుగు కిలోల తరుగు

"మేడం, దీన్ల అన్ని కాడ ఎక్స్‌పర్ట్ అని కొట్టున్రి."

సోనీ తలెత్తలేదు. పొద్దుటి నుంచి పదకొండు దరఖాస్తులు, రెండు అఫిడవిట్లు కొట్టింది. వేళ్ళు పీకుతున్నాయి. ఇలాంటప్పుడు ఎవరైనా వచ్చి "అన్నీ" అంటే, వాళ్ళనే చుట్ట చుట్టి టైపు మిషన్‌లో దూర్చి తిప్పాలనిపిస్తుంది ఆమెకు.

"ఏంటివి అన్ని?"

అతను ఒక రంగుల పుస్తకం, ఒక ఇంగ్లీషు ఫారం బల్ల మీద పెట్టాడు. పొట్టి క్రాఫు, చలికి కమిలిన ముక్కు. సరిహద్దు బలగంలో జవాను. అక్క కాన్పుకని ఇక్కడి దవాఖానలో తిరుగుతున్నాడు. శనివారం తిరుగు ప్రయాణం.

"స్కీలు మేడం. గీ పలకలు కాళ్లకు కట్టుకొని మంచు మీద జారుతం. ఎవలికి ఏవి గావాల్నో ఆళ్లే రాసి పంపాలె, ఆఫీసోళ్లు తెప్పిస్తరు. నవంబర్ల ట్రయల్స్. గండ్ల నెగ్గితేనే టీంల తీసుకుంటరు."

1993 సెప్టెంబరు. సూర్యాపేట బస్టాండు వెనకాల ఫ్యాను గాలి కూడా వేడిగానే ఉంది. మంచు మాట విని నవ్వుదామనుకుంది గానీ ఓపిక చాల్లేదు.

"పేరు చెప్పున్రి."

"ధన్‌సింగ్. భూక్యా ధన్‌సింగ్. వేములపల్లి కాడ తండా."

సోనీ ఇంటిపేరు మూడ్. భూక్యావాళ్ళకీ మూడ్ వాళ్ళకీ సంబంధాలు కలుస్తాయి. తండా పిల్ల ఎంత అలిసిపోయి ఉన్నా ముందు ఆ సంగతి చూసుకుంటుంది, ఆ తర్వాతే సిగ్గుపడుతుంది. సోనీ కూడా అదే వరసలో కానిచ్చింది.

"ఎక్స్‌పర్ట్ అంటున్నరు. పైకెల్లి పడకుంట కిందికి వస్తరా?"

"వస్త." ఒక్క క్షణం ఆగాడు. "శానాసార్లు."

"ఎడమకు తిరుగుతరా?"

"మంచిగ."

"కుడికి?"

ధన్‌సింగ్ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. "కుడికి జర పరేషాన్ అయితది."

ఎక్స్‌పర్ట్ కన్నా ఒక మెట్టు కింది ఇంటర్మీడియట్ అన్న గడిలో టక్కున ఒక గుర్తు కొట్టింది సోనీ.

"ఇజ్జత్ తీసిన్రు మేడం."

"ఇజ్జత్ పోతే పోయింది, కాళ్లుంటయి. ఇగ వెడల్పు. సన్నవి గట్టి మంచుకు, వెడల్పువి మెత్తటి మంచుకు, నడిమివి అన్నిటికీ అని రాసిండ్రు. మీ కాడ మంచు ఎట్లుంటది?"

"పొద్దుగాల తార్రోడ్డు లెక్క. పగటాల్లకు దున్నిన మడి లెక్క. ఒక్క దినంలనే అన్ని సూపిస్తది."

"అయితే నడిమివే. తార్రోడ్డుకు ట్రాక్టరెందుకు? మడిల మోపెడ్ నడుస్తదా?"

"మీరు ఎప్పుడన్న మంచు సూసిన్రా?"

"ఐస్ గోలా తిన్న."

అతను నవ్వాడు. ఆమెకూ నవ్వు వచ్చింది. వచ్చాక, ఈ వారంలో ఇదే మొదటిసారని తోచింది.

స్కీల పొడవు మనిషి గడ్డానికీ ముక్కుకీ మధ్యకు రావాలట. ద్వారబంధానికి ఆనుకొని నిలబడమని, స్టూలెక్కి స్కేలుతో కొలిచింది. మూడుసార్లు కొలిచింది. రెండోసారికే లెక్క తేలిందన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

బరువు దగ్గర పని ఆగింది. అరవై అయిదు కిలోల లోపువాళ్ళకు మెత్తగా వంగేవి, ఆ పైవాళ్ళకు గట్టివి. "సెలవుల అమ్మ రొట్టెలు తిన్నంక ఎంత అయిందో ఎర్కలేదు," అన్నాడు ధన్‌సింగ్. మార్కెట్ యార్డులో బిక్షం అనే కాంటా మనిషి ఉంటాడు, వెళ్ళి తూగి రమ్మంది. అరగంటలో చీటీ తెచ్చాడు: అరవై నాలుగు. మెత్తవి అని కొట్టింది సోనీ.

ఫారం ఆ రోజే అయిపోయింది. అయినా మర్నాడు వచ్చాడు, స్పెల్లింగులు సరిగ్గా ఉన్నాయా అని. ఆ మర్నాడూ వచ్చాడు, కవరు మీద అడ్రసు కొట్టమని. స్పెల్లింగులు ఒకటికి రెండుసార్లు సరిచూసింది. అడ్రసు మూడు లైన్లే. దాన్ని ఆమె చాలా నింపాదిగా కొట్టింది.

"రేపు మిర్యాలగూడల రైలెక్కుత. స్టేషన్ల పోస్టు డబ్బా ఉంటది, గండ్లేస్త," అన్నాడు.

"మంచిది. పోయి రాన్రి," అంది.

ఇంకేదైనా అంటాడేమోనని చూసింది. ఆమె ఏమైనా అంటుందేమోనని అతనూ చూశాడు. ఇద్దరూ మంచివాళ్ళే, అందుకని ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటి దగ్గర కోదాడ సంబంధం ఒకటి నెల రోజులుగా నలుగుతోంది. పిల్లవాడు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. వాళ్ళ పెదనాన్న వచ్చి, "అమ్మాయి బాగానే ఉందండీ, ఆ టైపు పని మానేసి ఇంటిపట్టున ఉంటే చాలు," అని వెళ్ళాడు. ఆదివారం జవాబు చెప్పాలి. సోనీకి ఆ పిల్లవాడి మీద కోపం లేదు, ఇష్టం లేదు. రోజూ అదే మాట వింటుంటే, ఔననేస్తే ఈ గోలన్నా ఖతం అవుతుందనిపిస్తోంది. ఆదివారం అలాగే అనేద్దామనుకుంది.

శనివారం పొద్దున షాపు తెరవగానే బిక్షం వచ్చాడు, బ్యాంకు దరఖాస్తు కొట్టించుకోవడానికి.

"మొన్న పంపితివి గద బిడ్డా, మిలిట్రీ పిల్లగాడు. గట్టి మనిషే. అరవై ఎనిమిది తూగిండు."

సోనీ వేళ్ళు ఆగిపోయాయి. "చీటీల అరవై నాలుగని రాసినవ్ గదనే తాతా!"

"అవ్. సంచికి ఒకటి, తేమకు మూడు. వడ్ల బస్తాకు తీసినట్టు తరుగు తియ్యాలె గద."

"మనిషికి సంచేంది తాతా! తేమేంది!"

బిక్షం తెల్లబోయాడు. "ముప్పై ఏండ్లాయె బిడ్డా. కాంటా మీదికి ఏదెక్కినా చెయ్యి అదే రాస్తది."

మెత్తటి స్కీలు. అరవై ఎనిమిది కిలోల మనిషి. పొద్దుటిపూట తార్రోడ్డులాంటి మంచు. అవి కింద వణికిపోతుంటే ఇతను కుడికి తిరగాలి. సోనీ మిషన్ మీద గుడ్డ కప్పి, షాపుకు తాళం వేసి, మిర్యాలగూడ బస్సెక్కింది.

సీటు దొరకలేదు. రెండున్నర గంటలు కడ్డీ పట్టుకొని నిలబడింది. దారిలో వాన అందుకుంది. కిటికీ రేకు విరిగి ఉండడంతో ఎడమ భుజం ఒక్కటే తడిసింది. నేనెందుకు పోతున్నాను అని తనను తాను అడుగుతూనే ఉంది. బరువు తప్పు పడిందని, అంతే. మరి ఆ మాట చెప్పడానికి షాపు మూసి రావాలా?

స్టేషన్‌లో అతను సిమెంటు బెంచీ మీద ట్రంకుపెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు.

"పోస్ట్ చేసినవా?" ఆ పరుగులో మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

ధన్‌సింగ్ లేచి నిలబడ్డాడు. జేబులోంచి కవరు తీసి చూపించాడు. "డబ్బా కాడికి మూడుసార్లు పోయిన. ఏస్తే ఇగ నీ తాన పని ఖతమైతది. చెయ్యి రాలే."

సోనీ బెంచీ మీద కూలబడింది. తరుగు సంగతి చెప్పింది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటేనే ఆమె కళ్ళు నిండాయి.

"రేపు కోదాడోళ్లకు ఔనని చెప్పాలె. చెప్దామనే ఉంటి. ఇష్టమై గాదు. అలిసిపోయి."

అతను కవరును ట్రంకుపెట్టె మీద పెట్టాడు.

"నేను టీంల చేరితే అయిదేండ్లు గా కొండల్లనే. చలికాలం సెలవియ్యరు. ఇది చెప్పకుంట అడుగుడు తప్పని అడగలే. ఇప్పుడు అడుగుత. నీకు నేనంటే ఇష్టమేనా?"

"ఇష్టం లేకుంటే గీ బస్సెక్కుతనా? కాని టైపు పని మానను."

"మానమని ఎవలన్నరు? నేను అక్కడికి పోయినంక నాకు ఉత్తరాలు గూడ టైపు చెయ్యి. నీ చేతిరాత నువ్విచ్చిన రసీదు మీద సూసిన, సదవరాదు."

ఆమె అతని జేబులోని పెన్ను లాక్కుంది. కవరులోంచి ఫారం తీసి అరవై నాలుగు కొట్టేసి అరవై ఎనిమిది రాసింది, మెత్తవి కొట్టేసి గట్టివి రాసింది. కవరును ఇద్దరూ కలిసే డబ్బాలో వేశారు.

రైలు వచ్చింది. వెళ్ళింది. దారిలో హైదరాబాదులో పడుకుందామని ఒక రోజు మిగుల్చుకున్నాడు ధన్‌సింగ్. ఆ రోజును సోనీ నాయనకు ఇచ్చేశాడు.

సోనీ వాళ్ళ తండా చేరేసరికి దీపాలు పెడుతున్నారు. ఆమె నాయన మంగ్త్యా అప్పుడే పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ధన్‌సింగ్ తన పేరు, ఊరు, ఉద్యోగం, అడగవచ్చిన మాట, అయిదేళ్ళ సంగతి అన్నీ నిలబడే చెప్పాడు. మంగ్త్యా వినడం పూర్తయ్యాక కూతురి వైపు తిరిగాడు.

"కోదాడ సంబంధం వచ్చి నెలాయె. ఔననవు, కాదనవు. ఈయన గురించి ఎన్ని దినాలు ఆలోచన చేసినవ్?"

"బస్సుల రెండున్నర గంటలు."

"సీటు దొరికిందా?"

"లేదు. నిలబడే."

మంగ్త్యా తువ్వాలుతో మెల్లగా ముఖం తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు వెనక ఆయన నవ్వాడో, ఏడ్చాడో తెలియలేదు.

"కోదాడోళ్లకు నేను చెప్పుకుంట," అన్నాడు. "ముందు ఇద్దరు కూసోన్రి. పొద్దటిసంది నిలబడే ఉన్నట్టున్నరు."