మూడో గదిలో ఆరిపోయే తీగ

ఐ.పోలవరం దాటాక రొయ్యల్ని పరీక్ష చేసే ల్యాబు ఒకటుంది. అందులో మూడో గది పేరెత్తితే చాలు, వాచ్‌మన్ గంగబాబు గొంతు తగ్గించేస్తాడు. "చెరువు పూడ్చి కట్టేరండి. అందులో పోయినావిడకి దీపం గిట్టదండి… ఏది వెలిగించినా ఆర్పేస్తది."

ఎమ్మెస్సీ చదివి ఆ గదిలో పనికి కొత్తగా చేరిన దుర్గేష్ పగలబడి నవ్వేడు. మొదటి వారం మాత్రమే.

ఆ గదిలో మాస్ స్పెక్ట్రోమీటరు ఉంది. దాని లోపల సన్నటి తీగ — ఫిలమెంటు. పంపు గాలంతా లాగేశాక తీగ ఎర్రగా కాలుతుంది. దాన్నుంచి ఎలక్ట్రాన్లు దూకి, చెరువులో వాడగా రొయ్యల్లో మిగిలిపోయిన మందు ఆవిరిని కొట్టి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల బరువులు చూసి అది ఏ మందో మిషను చెబుతుంది. లోపలికి గాలి చొరబడిందా, తీగ మాడి తెగిపోతుంది.

మొదటి తీగని గాలి పూర్తిగా పోకముందే వెలిగించి తగలబెట్టేడు దుర్గేష్. ఆ సంగతి తనకి తాను కూడా చెప్పుకోలేదు. తీగ నిలిస్తే తలనీలాలిస్తానని వాడపల్లి వెంకన్నకి మొక్కేసి, ఆ రోజు నుంచీ జుట్టు పెంచేడు.

రెండోది ఆరు నెలలకి పోయింది. మూడోది వారానికే…

"ఇంకొక్కటే ఉందయ్యా. ఇదీ పోతే నువ్వూ ఇంటికెళ్ళిపో," అన్నారు యజమాని రామచంద్రమూర్తి గారు.

దుర్గేష్‌కి నిజంగానే భయమేసింది. దెయ్యం కన్నా ఉద్యోగం పోవడం ఘోరం.

ఆఖరి తీగ బిగించి పంపు వేసేడు. చీకటి పడింది. లోపల ఎంత గాలి మిగిలిందో చెప్పే అంకె సగం దాకా దిగి — ఆగిపోయింది. లోపల కూర్చుని ఎవరో ఊపిరి వదులుతున్నట్టు…

"తులసి గారూ," అని పిలిచేడు. "ఒకసారి రండి."

పక్క గదిలో పరీక్షలు చేసే సీనియర్ లక్ష్మీతులసి వచ్చింది. తీగ వెలిగించనివ్వలేదు. పంపు ఆపించి, మూత తీసి, మూత సందులోంచి గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు మీద లైటు వేసింది. చిమటాతో నెమ్మదిగా లాగింది.

నల్లగా… పొడుగ్గా… వెంట్రుక!

"ఆవిడదేనండి!" గుమ్మంలోంచి గంగబాబు అరిచేడు. దుర్గేష్ అతని చెయ్యి పట్టేసుకున్నాడు.

లక్ష్మీతులసి తన జుట్టంతా కప్పిన ల్యాబు టోపీ సర్దుకుంది. వెంట్రుక వైపు చూసింది. తర్వాత దుర్గేష్ భుజాల మీద పడుతున్న జుట్టు వైపు చూసింది.

తెల్లారేసరికి దుర్గేష్ వాడపల్లిలో ఉన్నాడు. స్వామి వరం ఇవ్వకముందే మొక్కు తీర్చేసేడు. నున్నటి గుండుతో వచ్చి మూత బిగించేడు. అంకె అడుగుకి దిగింది, తీగ వెలిగింది, వెలుగుతూనే ఉంది.

"ఇంతకీ ఆ గదిలో దెయ్యం ఉన్నట్టా, లేనట్టా?" అడిగేరు రామచంద్రమూర్తి గారు.

"ఆయ్, ఉందండి," అన్నాడు దుర్గేష్ గుండు తడుముకుంటూ. "నెలనెలా మీ దగ్గర జీతం కూడా పుచ్చుకుంటోందండి."