కొర్లమ్మ చెప్పిన సమాధానం

ఆ ఉదయం తొమ్మిదిన్నర అయ్యేలోపే పరిశోధక విద్యార్థిని నీలవేణి ఇద్దరు రోగులను పోగొట్టుకుని మూడో మనిషిని బతికించింది. ముగ్గురూ ఛాయారోగులే. రక్తపు వివరాలు, జన్యువులు, పాత కేసు కాగితాలు కలిపి యంత్రం అల్లిన ఆ ఛాయలు తెరగదిలో మంచం మీద కూర్చుని మనుషుల్లాగే మాట్లాడేవి. మందు పడకపోతే వెంటనే చెప్పేవి. అబద్ధమాడటం వాటికి తెలియదు. సముద్రం ఒడ్డునున్న ఆ వైద్య కళాశాలలో ఇరవై ఏళ్లుగా విద్యార్థులే కాదు, అధ్యాపకులు కూడా మందుల పరిశోధన వాటి మీదే నేర్చుకున్నారు.

చట్టంలో ఒక్క నియమం మాత్రం మిగిలింది. కొత్త మందును చివరగా పన్నెండుమంది సజీవులకు ఇచ్చి చూడాలి. ఆ పన్నెండుమందిలో నీలవేణికి అప్పగించింది మైలపల్లి కొర్లమ్మను. ఎండుచేపలు అమ్ముకునే యాభై ఎనిమిదేళ్ల మనిషి, మూత్రపిండాల జబ్బు.

కొర్లమ్మ అంగీకారపత్రం మీద వేలిముద్ర వేస్తున్నప్పుడే ఆచార్యుడు పైడిరాజు నీలవేణిని హెచ్చరించాడు. మందు పడక ఈవిడ మధ్యలో ఆగిపోతే కొత్త మనిషితో మొదటినుంచి మొదలుపెట్టాలి, నీ చదువులో ఏడాది పోయినట్టేనన్నాడు.

వారం వారం నీలవేణి చేతిలోని తెరపలక చూసుకుంటూ పద్దెనిమిది ప్రశ్నలు అడిగేది. అన్నిటికీ కొర్లమ్మ బాగానే ఉందనేది. ఆ జవాబులను బట్టి మిగతా లెక్క యంత్రం అల్లిన కొర్లమ్మ ఛాయే కట్టేది కనుక నెల దాటాక రక్తం తీయడం మానేశారు. అయిదో వారం కొర్లమ్మ చెప్పుల్లేకుండా వచ్చింది. నీలవేణి అది చూసింది కూడా. చెప్పుల గురించి పలకలో ప్రశ్న లేదు.

ఆరో వారం కొర్లమ్మ రాలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ముందురోజే చనిపోయింది.

నీలవేణి, పైడిరాజు ఆ ఇంటికి వెళ్లారు. కూతురు నూకరత్నం వాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. కాళ్లు వాచి చెప్పులు పట్టడంలేదని, పడుకుంటే ఆయాసమొస్తోందని అమ్మ ఇంట్లో అనేదట.

"మరి మాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు పైడిరాజు.

"బాలేదంటే ఆ పిల్లకి ఏడాది సదువు పోతాదని మీరే అన్నారంట కదా బాబూ. ఆడపిల్ల, ఇంత దూరమొచ్చి సదువుకుంటంది అనీది."

తిరుగుదారిలో నీలవేణి చాలాసేపు ఏడ్చింది. బాగానే ఉందన్న మాట నిజం కాదని తనెలా తెలుసుకోవాల్సిందని అడిగింది.

"నాకూ తెలీదమ్మా. నేనూ ఛాయల దగ్గరే నేర్చుకున్నాను. నాకెవరూ అబద్ధం చెప్పలేదు" అన్నాడు పైడిరాజు.

నెల తర్వాత కళాశాల, కొర్లమ్మ ఛాయను సరిదిద్ది పాఠాలకు వాడుకుంటామని నూకరత్నాన్ని అనుమతి అడిగింది. ఒకసారి చూపించమందామె. తెరగదిలో కొర్లమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఎలా ఉందని నీలవేణి అడిగింది.

"కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడటం లేదు" అంది ఛాయ స్పష్టంగా.

నూకరత్నం నీలవేణి వైపు తిరిగింది.

"ఈవిడ మా యమ్మ కాదు డాట్రమ్మా. మా యమ్మయితే మీ మొకం సూసి బాగుందనే అంటాది."

వేలిముద్ర వేయకుండానే వెళ్లిపోయింది. తరువాతి వారం నుంచి అదే ఛాయ, పేరు మార్చుకుని, రెండో ఏడు పిల్లలకు పాఠమైంది. అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పింది.