వేరు చివర నల్లమచ్చ

“వచ్చిన సైంటిస్టు అసలువాడో నకిలీయో తేలాలి. తేలకముందే కంట్రోల్ రూమ్ తలుపు తీశామా, కొంప మునిగినట్టే!” అన్నాడు చీఫ్.

ముంగిసకి ఒళ్లు మండింది. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతని మారుపేరు అదే. ఆ సైంటిస్టు అతని సొంత అక్క మొగుడు. శత్రు ముఠా ఎత్తుకుపోయిన నెలకి తిరిగొచ్చాడు. మొహమంతా కట్లు, వేళ్లు కాలిపోయాయి, గొంతు పోయింది. వచ్చినవాడు నకిలీ అయితే, వాడు లోపల అడుగుపెట్టిన మరుక్షణం అసలు బావతో ముఠాకి పని ఉండదు. చంపేస్తారు.

గుర్తుపట్టడానికి ఇక మిగిలినవి పళ్లే.

స్కాన్ తీసే డాక్టరమ్మ మీద చీఫ్‌కి అనుమానం. అందుకే ముంగిస పంటినొప్పి పేషెంట్ వేషంలో బేస్ హాస్పిటల్‌కి వెళ్లాడు. చొక్కా బొత్తంలో మైక్, చెవిలో బుల్లి ఇయర్‌ఫోన్. ఆవిడ అందం చూస్తే నొప్పి లేనివాడు కూడా బుగ్గ పట్టుకుని వస్తాడు.

“దొంగనొప్పి అనుకున్నా. నిజంగానే ఉందే!” అందావిడ అతని స్కాన్ చూస్తూ. “పన్ను పైకి నిక్షేపంగా ఉంది. వేరు చివర ఈ నల్లమచ్చ చూశారా? చీము. దవడ ఎముకను తినేస్తోంది. వైద్యం చేయించకపోతే పెరుగుతూనే పోతుంది.”

“దానంతటది ఆగదా?”

“చస్తే ఆగదు.”

ముంగిస బుగ్గ పట్టుకుని పక్క కుర్చీలోకి జరిగేలోపు కట్లమనిషిని తీసుకొచ్చారు. యంత్రం అతని తల చుట్టూ గిర్రున తిరిగింది. ఆవిడ స్క్రీన్ మీద రెండు బొమ్మలు పెట్టింది. ఎడమవైపు సైంటిస్టు మూడేళ్ల కిందటి స్కాన్, కుడివైపు ఇప్పటిది. పన్నుకి పన్ను, వేరుకి వేరు సరిపోయాయి. కింది దవడలో వేరు చివరి నల్లమచ్చతో సహా.

“అసలువాడే. తీసుకెళ్లండి,” అంది. గార్డులు కట్లమనిషిని కంట్రోల్ రూమ్‌కి నడిపించుకుపోయారు.

“పాలపన్నేనా?” చీఫ్ గొంతు చెవిలో పలికింది. అంటే తలుపు తీయమంటావా అని. ‘జ్ఞానదంతం’ అంటే ఎలాగైనా ఆపమని.

“ఒక్క క్షణం సార్!”

ఆ మచ్చ రెండు బొమ్మల్లోనూ కందిగింజంతే ఉంది. ఆ పన్ను చూపించుకోమని అక్క మూడేళ్లుగా మొత్తుకుంటున్నా బావ వింటేగా! ఎత్తుకుపోయే ముందురోజు కూడా బుగ్గ వాచి అన్నం నమల్లేకపోయాడు.

“ఏం డాక్టరమ్మా, నాకు చస్తే ఆగనిది మా బావకి మూడేళ్లు కదలకుండా కూర్చుందా? పాత స్కాన్‌నే కాస్త వంచి, వెలుగు మార్చి కొత్తదంటున్నావు!”

ఆవిడ నవ్వు ఎగిరిపోయింది. ట్రేలో నింపి ఉన్న సిరంజి చేతికొచ్చింది. “ఇది మీ బావ కోసం ఉంచా. ముందు నువ్వే పో!”

సూది మెడకి తగిలేలోపు ముంగిస ఆవిడ చెయ్యి మెలిపెట్టి బొత్తంలోకి అరిచాడు. “జ్ఞానదంతం! జ్ఞానదంతం!”

అవతల గార్డులు డాక్టరమ్మ మాట నమ్మి కంట్రోల్ రూమ్ తలుపు అప్పుడే తెరుస్తున్నారు. నకిలీ ఒక కాలు గడపలో పెట్టాడు. రెండోది పెట్టకముందే గార్డులు వాణ్ని బోర్లా పడేశారు.

“మా బావ ఎక్కడే?”

ఆవిడ కళ్లు వెనక తలుపు వైపు పోయాయి. పాత ఎక్స్‌రే గది. సీసం రేకు కొట్టిన తలుపు, లోపల ఎంత అరిచినా బయటికి వినపడదు.

బావ కుర్చీకి కట్టేసి ఉన్నాడు. బుగ్గ బూరెలా వాచింది, ప్రాణం మాత్రం ఉంది. తాళ్లు విప్పుతూ స్కాన్‌లో నల్లమచ్చ సంగతి చెప్పిన ముంగిసకి ఏడుపు ముంచుకొచ్చింది. దాన్ని తిట్టు కింద మార్చేశాడు.

“అక్క మాట విని ఆ పన్ను చూపించుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది బావా!”

“చూపించుకుని ఉంటే,” వాచిన మూతితోనే అన్నాడు బావ, “ఇవాళ నన్నెలా కనిపెట్టేవాడివిరా బామ్మర్దీ?”