వెలగకూడని బల్బు

అన్నయ్య ఛాతీ మీది కట్టు మళ్ళీ తడిసింది. అంబులెన్స్ మాత్రం కదలనంటోంది.

డ్రైవర్ వేషంలో ఉన్న ఏజెంట్ డేగ తాళం తిప్పాడు. టక్‌మని ఒక్క చప్పుడు. అంతే.

వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది.

"డేగా! ముఠా జీపులు రెండు సరాసరి మీ కొండ గోదాముకే వస్తున్నాయి. ఎవరో దారి చూపిస్తున్నట్టుంది. మంచినీళ్ళ ట్యాంకుల్లో ఆ విదేశీ ముఠా కలిపిన విషానికి విరుగుడు మీ అన్నయ్య ఒక్కడికే తెలుసు. ఎలాగైనా రేవుకి చేర్చు."

"బండి చచ్చింది సార్."

"బతికించు!"

స్ట్రెచర్ పక్కన నర్సు వేషంలో వదిన. ఒకప్పుడు పత్రికల ముఖచిత్రాల మీద మెరిసిన అందగత్తె. "ఏమైంది మరిదిగారూ?" అంది వణుకుతూ.

"చూస్తున్నా వదినా."

హెడ్‌లైట్లు వేశాడు. పచ్చగా మిణుకుమన్నాయి. హారన్ బొంగురుపోయింది. బ్యాటరీ కొత్తదే, టెర్మినల్స్ బిగుతుగానే ఉన్నాయి. అంటే రాత్రంతా ఏదో కరెంటు తాగుతోంది.

స్విచ్‌లన్నీ ఆపి, నెగటివ్ వైరు విప్పి, వైరుకీ బ్యాటరీకీ మధ్య టెస్ట్ బల్బు పెట్టాడు. వెలగకూడదు.

వెలిగింది.

చెమట కళ్ళల్లోకి కారుతుంటే ఒక్కో ఫ్యూజూ పీకాడు. సైరన్‌ది. వైపర్‌ది. బల్బు ఆరలేదు. కింద లోయలో జీపుల మోత. వెనక లైటు ఫ్యూజు పీకాడు.

ఆరిపోయింది!

ఆ ఫ్యూజు జేబులో వేసుకుని, నెగటివ్ వైరు బిగించి, బానెట్ మూసి లోపలికి దూకాడు. వెనక లైటు నుంచి కొత్త ఎర్ర వైరొకటి కిందికి దిగి ఉంది. దాని వెంటే చూపు పోనిచ్చాడు. వదిన సీటు కింద అగ్గిపెట్టంత ట్రాన్స్‌మిటర్!

డేగ తలెత్తేసరికి తెరిచిన వెనక తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది. చేతిలో పిస్టల్. ఇప్పుడు వణుకు లేదు.

"పక్కకి తప్పుకోండి మరిదిగారూ. నాకు కావలసింది మీరు కాదు."

"అన్నయ్య నిన్ను ప్రాణంగా చూసుకున్నాడు వదినా!"

"తెలుసు." ఒక్క క్షణం ఆమె కళ్ళు స్ట్రెచర్ వైపు మళ్ళాయి.

ఆ క్షణంలోనే డేగ ముందు సీట్ల మధ్యకి చెయ్యి చాచి హ్యాండ్‌బ్రేక్ వదిలేశాడు. వాలులో బండి ముందుకి దూకింది. గుండు పైకప్పులోంచి పోయింది. వదిన వెనక్కి విరుచుకుని మట్టిలో పడింది.

డ్రైవింగ్ సీట్లోకి పాకాడు. తాళం తిప్పాడు. సెకండ్ గేర్. క్లచ్ వదిలాడు. బండి ఎగిరిపడి మళ్ళీ మూగబోయింది. ఎదురుగా మలుపు, ఆ పైన ఆకాశమే. ఇంజన్ ఆగి ఉండటంతో బ్రేకు రాయిలా బిగుసుకుంది.

"తల్లీ, ఒక్కసారి!" అని బతిమాలుతూ మళ్ళీ క్లచ్ వదిలాడు.

ఇంజన్ గర్జించింది. స్టీరింగ్ గిర్రున తిప్పాడు. ఒక చక్రం అంచు మీద గులకరాళ్ళు రాల్చి రోడ్డెక్కింది. వెనక జీపులు ఖాళీ గోదాము ముందు ఆగాయి.

రేవు కనిపిస్తుండగా అన్నయ్య కళ్ళు తెరిచాడు.

"మీ వదినేదిరా?"

డేగ గేరు మార్చాడు.

"పుట్టింటి వాళ్ళొచ్చారు అన్నయ్యా. అక్కడే దిగిపోయింది."