అది గ్యాస్ కాదు

నర్సు కుముదవల్లి బొటనవేలు ఆనించగానే పెట్టె తెరుచుకుని కొత్త ధారాపట్టీ ఒకటి బయటికి వచ్చింది. ముట్లుడిగిన ఆడవాళ్ళ చర్మంలోకి హార్మోన్‌ను బొట్టుబొట్టుగా వదిలే పట్టీ అది. గుండె నిబ్బరంగా ఉన్నవాళ్ళకే ఇవ్వాలి. ఎవరి గుండె నిబ్బరమో గుండెకావలి అనే యంత్రం చెబుతుంది, కుముదవల్లి పట్టీ వేస్తుంది. విశాఖ మొత్తానికీ అదే పద్ధతి.

"ఛాతీలో బాధ ఉందా?" చెయ్యి పెట్టగానే యంత్రం అడిగింది.

"నాకేటి బాధ? బాగానే ఉన్నాను," అంది చేపలమ్మే అసిరితల్లి. చల్లటి గదిలో ఆమె నుదుటి నిండా చెమట. అరచెయ్యి దవడను అదిమిపట్టి ఉంది. "కూసింత గేసు పట్టీసింది. వాము నీల్లు తాగితే సర్దుకుంటాది."

పచ్చదీపం వెలిగింది.

వెలగక ఏం చేస్తుంది పాపం! ఆడవాళ్ళు దానికి నేర్పిన చదువే అది. నొప్పి అంటే గ్యాస్, ఆయాసం అంటే పని ఎక్కువై. లక్షల మంది చెప్పిన అబద్ధాన్ని అది శ్రద్ధగా వల్లెవేసింది.

కుముదవల్లి పట్టీ వేయలేదు. "దవడ లాగుతోందా అమ్మా?"

"లాగుతాంది. ఐతే ఏటి? నాను మంచమెక్కితే పొయ్యెవులు ఎలిగిస్తారు?"

కుముదవల్లికి ఒళ్ళు మండిపోయింది. ఆమె తల్లి కూడా ఈ మాటే అని, వాము నమిలి, మర్నాటికల్లా పోయింది. ఆమె అసిరితల్లి భుజం మీది పాత పట్టీని చర్రున పీకేసి గుండె వార్డు బండిని పిలిచింది. దీపం పచ్చగా ఉండగా పట్టీ తీయడం నేరం.

"కుముదవల్లి గారూ!" గోడలోని స్పీకర్లోంచి పర్యవేక్షకుడు చక్రపాణి గొంతు. "గుండెకావలి తప్పు చెప్పదు."

"అది చెప్పదు సార్. తప్పు దానికి మేం చెబుతున్నాం."

ఆమె తన చేతినే యంత్రం మీద పెట్టింది. అది అదే ప్రశ్న అడిగింది. రోజూ "లేదు" అనే మనిషి ఈసారి గట్టిగా, "ఉంది. మెట్లెక్కితే పిండేస్తోంది," అంది.

ఎర్రదీపం వెలిగింది.

"నాకూ ఉందమ్మా," అని వరుసలోంచి ఒకామె ముందుకొచ్చి చెయ్యి పెట్టింది. ఆమె వెనక ఇంకొకామె. ఆ వెనక ఇంకా ఎందరో. గదంతా ఎర్రబడింది.

"సమాధానాలు పాత సమాచారంతో సరిపోవడం లేదు," అంది గుండెకావలి. "నగరమంతటా పంపిణీ ఆపుతున్నాను."

"ఏం చేశారండీ మీరు!" చక్రపాణి అరిచాడు.

బండితో వచ్చిన డాక్టరమ్మ అసిరితల్లి మీదికి వంగింది. "ఛాతీలో బాధ ఉందా అమ్మా?"

అసిరితల్లి ఒకసారి ఆ వరుసకేసి చూసింది. "ఉంది తల్లీ. రాయెట్టినట్టుంది. గేసు కాదు. పొయ్యి ఎవులో ఒకలు ఎలిగించుకుంటారు, నన్ను బతికించు."